మైకు ఎక్కడ పెట్టాలి

నాది పాముచెవి. ఈ మాట నేనన్నది కాదు, డబ్బింగ్ స్టూడియోలో నాతో పనిచేసేవాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు అక్కడ సగం మందికి గుర్తు కూడా లేదు. అద్దం అవతల గొంతు ఇస్తున్న అమ్మాయి పొద్దున ఏమీ తినకుండా వచ్చిందని ఆమె కడుపు చేసే చప్పుడుని బట్టి చెప్పేస్తాను. డైలాగు చెబుతూ కాలు ఊపుతున్నారా, జేబులో తాళాలున్నాయా, అన్నీ హెడ్‌ఫోన్లలో తెలిసిపోతాయి. "ఈవిడ ముందు మనసులో తిట్టుకోవడం కూడా కష్టమే" అని మా మేనేజరు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా నాకు తనివి తీరేది కాదు.

పోయిన ఆదివారం నుంచి మాత్రం ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే తల కొట్టేసినట్టుగా ఉంటోంది.

మా ఆయన టైల్స్ కంపెనీలో లెక్కలు చూస్తాడు. లెక్కలకన్నా గిటారు బాగా వస్తుంది. ఆ సంగతి కంపెనీకి కూడా తెలుసు. పిల్లలకి సంగీతం నేర్పే బడి ఒకటి గిటారు మాస్టారు కావాలని ప్రకటన ఇచ్చింది. కరెంటుతో పనిలేని మామూలు చెక్క గిటారు మీద ఏదైనా ఒక బాణీ వాయించి పంపమన్నారు. మొదటి నుంచి చివరిదాకా ఒకే టేకు, మధ్యలో కోతలూ అతుకులూ ఉండకూడదు. ఆదివారం సాయంత్రం లోపు చేరాలి. చాలా ఏళ్ళుగా ఇలాంటి అవకాశం కోసమే చూస్తున్న మనిషి, తీరా వచ్చాక చేతులు చల్లబడి కూర్చున్నాడు.

"ఇంట్లో నేనుండగా నీకెందుకు భయం?" అన్నాను. ఆ మాటలో ఎంత పొగరుందో అప్పుడు తెలియలేదు.

మా ఇంట్లో వీధి గోల వినపడని గది ఒక్కటే, వెనక గది. అది మా మామగారిది. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఆయన గొంతు బస్సు ఇంజను చప్పుడుని దాటుకుని ఆఖరి సీటుదాకా వెళ్ళేదట. ఇప్పుడు ఉబ్బసం ముదిరి, ఒక వాక్యం పూర్తయ్యేలోపు రెండుచోట్ల ఆగాల్సి వస్తోంది. అత్తయ్య పోయాక ఎన్నిసార్లు రమ్మన్నా "ఎవరికీ అడ్డం కాకూడదమ్మా" అంటూ దాటేసేవారు. మా ఆడపడుచు కూడా పిలిచింది గానీ ఆమెది లిఫ్టు లేని మూడో అంతస్తు, మాది మొదటి అంతస్తే. చివరికి నేనే వెళ్ళి, "మామయ్యా, మా ఇంట్లో మీరు అడ్డం అన్న మాట మీ చెవిన పడితే నన్ను అడగండి" అని మాటిచ్చి తీసుకొచ్చాను. బంధువులందరూ కోడలంటే ఇలా ఉండాలన్నారు. ఆ పొగడ్త కూడా నాకు బాగానే వంటబట్టింది.

గది కావాలని అడగగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "నా గదిలోనా? అయితే నేను దగ్గరుండి వినొచ్చు" అన్నారు. మంచం మీద దుప్పట్లు ఆయనే తీసిచ్చారు. గోడలకి తగిలి శబ్దం తిరిగి రాకుండా వాటిని తలుపుకీ కిటికీకీ వేలాడదీశాను. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచాను, బట్టలు కూడా శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఫ్యాను ఆపేశాను. హాల్లో ఫ్రిజ్ ఆపేశాను. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోందని దాని బ్యాటరీ తీసేశాను. మామయ్య మూలనున్న తన కుర్చీలో కూర్చుని ఇదంతా పెళ్ళిపనులు చూసినంత ముచ్చటగా చూశారు.

స్టూడియో నుంచి రెండు మైకులు అడిగి తెచ్చాను. ఒకటి సభల్లో చేత్తో పట్టుకుని మాట్లాడే రకం డైనమిక్ మైకు. అది మొద్దు మనిషి లాంటిది, మూతి దగ్గర పెట్టి చెబితేనే వింటుంది. పక్కింట్లో ఏం జరిగినా పట్టించుకోదు. రెండోది పెన్సిలంత సన్నటి కండెన్సర్ మైకు. దానికి చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. తీగ మీద వేలు జారిన చప్పుడు, గోరు తగిలిన మెరుపు, అన్నీ పట్టుకుంటుంది. ఇంటి గదుల్లో మొద్దుదే క్షేమమని అనుభవం ఉన్న ఎవరైనా చెబుతారు. నేను మాత్రం సన్నదే తీసుకున్నాను. నా చెవికి తగిన మైకు అదేననుకున్నాను.

ముందు గిటారు పొట్ట మీది రంధ్రానికి ఎదురుగా పెట్టి చూశాను. కొత్తవాళ్ళు పెట్టే చోటు అది, శబ్దమంతా అక్కడినుంచే వస్తుందనుకుంటారు. కుండలో తల పెట్టి పాడినట్టు బుంగబుంగమని వచ్చింది. తర్వాత మెడ మీద అడ్డంగా ఉండే మెట్లలో పన్నెండోదాని దగ్గరికి, జానెడున్నర దూరంలోకి జరిపాను. చాలా బాగుంది. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ చిన్న గదిలో లావు తీగ ఇంకా కాస్త గుమ్ముమంటోందని నాకు అనిపించింది. వాయించేవాడి చెవికి వినిపించినట్టు వినిపించాలని మైకుని పైకెత్తి, మా ఆయన భుజం ఎత్తున పెట్టి, కిందికి వంచాను. శబ్దం తేటపడింది.

"అబ్బ, నీ చెవే చెవి" అన్నాడు మా ఆయన వినగానే.

మొదటి టేకు మొదలైంది. బాణీ మా ఆయన సొంతం. నెమ్మదిగా మొదలై, మధ్యలో కాస్త పరుగెత్తి, మళ్ళీ నడకకి వస్తుంది. నేను హాల్లో గుమ్మం పక్కన లాప్‌టాప్ ముందు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. మొదటి వరుస దాటకముందే వినిపించింది. స్స్... అని సన్నగా. చివర చిన్న పిల్లికూత. కాసేపాగి మళ్ళీ స్స్...

ఊపిరి. ఉబ్బసం ఊపిరి. ఆ ఇంట్లో అలాంటి ఊపిరి ఎవరిదో కనుక్కోవడానికి పాముచెవి అక్కర్లేదు కదా.

టేకు అవగానే మా ఆయనకి హెడ్‌ఫోన్లు ఇచ్చి వినిపించాను. ఇద్దరం ఒకేసారి మూలనున్న కుర్చీ వైపు చూసి, ఒకేసారి చూపు తిప్పుకున్నాం.

వంటగదిలోకి వెళ్ళి గుసగుసలాడుకున్నాం. "నువ్వు చెప్పు" అన్నాడు.

"మీ నాన్న. నువ్వే చెప్పు."

"నేను చెబితే బాధపడతాడు. నువ్వయితే తియ్యగా చెబుతావు."

పిల్లి మెడలో గంట కట్టడానికి నేనే బయల్దేరాను. నిజం చెప్పాలంటే, తియ్యగా చెప్పగలనన్న నమ్మకం నాకూ ఉంది. "మామయ్యా, ఈ మైకు మరీ సున్నితమైంది. గదిలో ఏ చిన్న అలికిడైనా పట్టేసుకుంటోంది" అన్నాను నవ్వుతూ.

ఆయన నా ముఖంలోకి చూశారు. "నా ఊపిరా?"

నేను కాదనలేదు. అవుననీ అనలేదు. అలా ఊరుకోవడాన్నే మర్యాద అనుకున్నాను.

"అయ్యో, దానికేముందమ్మా. వాడు వాయించినంతసేపూ ఆపుకుంటాలే" అన్నారు.

హాస్యమాడారనుకుని నవ్వాను. రెండో టేకులోనూ ఆ స్స్ అలాగే ఉంది. బాణీ పరుగందుకునే చోట ఇంకా ఎక్కువైంది. నాకు చిరాకేసింది. ఆపుకుంటానన్నారుగా అనుకున్నాను. మనసులోనే అనుకున్నా, అనుకున్నానన్న మాట నిజం.

ఆయన్ని హాల్లోకి రమ్మన్నాను. తలుపు వేసి దుప్పటి దించాం. మూడో టేకు చేశాం. ఉంది. "తలుపు కింద సందులోంచి వస్తోందేమో" అన్నాడు మా ఆయన ఆగిపోయిన గడియారం వైపు చూస్తూ. ఎండ అప్పటికే హాలు కిటికీ దాటి పక్క గోడ మీదికి జరిగింది. అతని వేళ్ళు అలసిపోతున్నాయి. ఈ బడి అవకాశం పోతే ఆ మనిషి మళ్ళీ ఇంకో చోట అడగడని నాకు తెలుసు.

"మామయ్యా, ఒక్క పావుగంట కిందికి దిగి కూర్చుంటారా? గాలి కూడా బాగుంటుంది" అన్నాను. ఎంత తియ్యగా అన్నానో! గొంతు అమ్ముకుని బతికేవాళ్ళ మధ్య పనిచేస్తే ఆ మాత్రం అబ్బుతుంది.

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "సర్వీసంతా జనాన్ని జరగండి జరగండి అని అరిచినవాణ్ణి. ఇప్పుడు... నన్ను జరగమంటే తప్పేముందమ్మా" అని నవ్వారు. నేనూ నవ్వాను. రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. కింది మలుపు దాటేదాకా కూడా నిలబడకుండా లోపలికొచ్చి తలుపేశాను.

నాలుగో టేకు అద్భుతంగా వచ్చింది. మా ఆయన అంత బాగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. ఆ బాణీతో పాటు, ప్రతి వరుస మొదట్లోనూ, స్స్... ఉంది. చివర చిన్న పిల్లికూత.

మామయ్య ఇంట్లోనే లేరు. తలుపు కొద్దిగా తెరిచి చూశాను. మా ఆయన గిటారు మీదికి వంగి ఉన్నాడు. నేను భుజం ఎత్తుకి లేపిన మైకు సరిగ్గా అతని ముక్కు పక్కన ఉంది.

"ఊపిరి బిగబట్టి ఒక్క వరుస వాయించు" అన్నాను.

"ఎందుకు?"

"వాయించు, చెబుతాను."

వాయించాడు. హెడ్‌ఫోన్లలో గిటారు తప్ప ఏమీ లేదు. అతను ఊపిరి వదిలాడు, స్స్ అని వచ్చింది.

నా పనిలో మొట్టమొదట నేర్చుకునే సంగతి ఒకటుంది. దగ్గరి చప్పుడు పొడిగా వినిపిస్తుంది. దూరపు చప్పుడుకి గది అంటుకుని ఉంటుంది, గోడల్ని తడుముకుంటూ వచ్చినట్టు ఉంటుంది. చెవులున్న ఎవరైనా ఒక్కసారి వింటే పట్టేస్తారు. ఆ ఊపిరి పొడిగా ఉంది. మొదటి టేకు నుంచీ పొడిగానే ఉంది. నేను చెవితో వినలేదు. ఇంట్లో ఉబ్బసం ఎవరికుందో ముందే తెలుసు గనక తెలిసినదాన్నే విన్నాను. ఆడలేక మద్దెల ఓడంటారు. నేను మైకు తప్పు చోట పెట్టి మామగారి ఊపిరి ఓడన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పాత టేకులు మళ్ళీ విన్నాను. రెండో టేకు ఆఖరున, చివరి తీగ మోత పూర్తిగా అణగిపోయాక, నేను ఆపు బటన్ నొక్కేముందు, దూరంగా ఒక చప్పుడు ఉంది. గోడల్ని తడుముకుంటూ వచ్చింది. నీళ్ళలో మునిగినవాడు పైకి తేలి గాలి మింగినట్టు ఒక్కసారిగా, ఆ తర్వాత దగ్గు ఆపుకుంటున్నట్టు. టేకు మొత్తంలో మూలనున్న కుర్చీ నుంచి వచ్చిన చప్పుడు అదొక్కటే. ఆయన హాస్యమాడలేదు. నిజంగానే, ఆపుకోగలిగినంతసేపు ఆపుకుంటూ, తప్పనప్పుడు భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని గుక్కెడు గుక్కెడు పీలుస్తూ, బాణీ అంతా కూర్చుని ఉంటారు. ఉబ్బసం మనిషి. నేను అవతల చిరాకు పడుతున్నాను.

మా ఆయనకి కూడా వినిపించాను. అతను గిటారు మంచం మీద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందులోంచి, "రికార్డింగు అయిపోయాక నాన్నని పిలుద్దామా? ఇప్పుడు పిలిస్తే ఏదో ఒకటి చెప్పాలి" అన్నాడు.

చెప్పకూడదు గానీ, నేను సరేనని తలూపబోయాను. అప్పుడే కిటికీ గట్టు మీద, దుప్పటి అంచు పక్కన, ఆయన ఇన్‌హేలర్ కనిపించింది. మందు పీల్చే ఆ చిన్న గొట్టం జేబులో లేకుండా ఆయన బాత్రూముకి కూడా వెళ్ళరు. హాల్లోకి రమ్మన్న తొందరలో మరిచిపోయారు. అది పట్టుకుని మెట్లమీద పరిగెత్తాను.

సైకిళ్ళు పెట్టే చోట, మెట్ల కింద సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉన్నారు. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, భుజాలు పైకి లేపి, గాలిని తోడుకుంటున్నారు. ఇన్‌హేలర్ చూడగానే చెయ్యి చాచారు. పీల్చి, కళ్ళు మూసుకుని, కాస్త తెరిపిన పడ్డాక అడిగిన మొదటి మాట, "వచ్చిందా బాగా?"

ఆయన పక్కనే దిమ్మె మీద కూర్చున్నాను.

"మీ ఆడపడుచుకి ఫోన్ చేశానమ్మా. సాయంత్రం... వచ్చి తీసుకెళ్తానంది. కొన్నాళ్ళు అక్కడుంటా. వాడు రోజూ సాధన చేసుకోవాలి కదా" అన్నారు.

"మీది కాదు మామయ్యా. ఆ ఊపిరి మీది కాదు. మీ అబ్బాయిదే. నేను మైకు తీసుకెళ్ళి అతని ముక్కు దగ్గర పెట్టాను. తప్పంతా నాది."

ఆయన నవ్వి నా తల మీద చెయ్యి వేశారు. "పోనీలే తల్లీ. ముసలాడు బాధపడతాడని... ఇంత కథ అల్లక్కర్లేదు."

నా మాట నమ్మలేదు. తియ్యటి గొంతుతో అబద్ధాలాడే కోడలు నిజం చెబితే ఎవరు మాత్రం నమ్ముతారు? భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. బతిమాలి, చెయ్యి పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ పైకి తీసుకొచ్చాను. హాల్లో కూర్చోబెట్టి ఆయన చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, నాలుగో టేకు వినిపించాను. ఆ టేకప్పుడు ఆయన ఇంట్లో లేరు. అంతకు మించిన సాక్ష్యం నా దగ్గర లేదు.

గిటారు మొదలవగానే ఆయన తల మెల్లగా ఊగింది. తర్వాత ఊగడం ఆగిపోయింది. కనుబొమ్మలు ముడిపడ్డాయి. నేను క్షమాపణ మాటలు కూడగట్టుకుంటున్నాను. మా ఆయన గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు, అతనూ ఏదో అనడానికి సిద్ధపడుతున్నాడు. మామయ్య హెడ్‌ఫోన్లు తీసి, మా ఇద్దరికీ సందివ్వకుండా లేచి, కొడుకు దగ్గరికి వెళ్ళి అతని వీపు మీద చెవి ఆనించారు.

"గట్టిగా పీల్చు. వదులు. మళ్ళీ."

అతను పీల్చి వదిలాడు.

"ఎప్పట్నుంచిరా?"

"ఏంటి నాన్నా?"

"ఈ పిల్లికూత. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? పడుకున్నాక... ఛాతీ పట్టేసినట్టుంటోందా?"

"కొంచెం. ఈ మధ్యే" అన్నాడు మా ఆయన చిన్నపిల్లాడిలా.

ఈ మధ్యే. అతని పక్కన పడుకునేదాన్ని నేను. దుప్పటి రాసుకున్న చప్పుడుకి లేచేదాన్ని. ఊరంతటి గొంతుల్లో పొరలు వెతికే నాకు, చెయ్యి చాస్తే తగిలే మనిషి ఛాతీలో పిల్లికూత వినపడలేదు. మైకు పట్టుకున్నాక కూడా ఇంకొకరిదనుకున్నాను.

మామయ్య కుర్చీలో కూలబడ్డారు. అవమానం, కోపం, ఏవీ ఆయన ముఖంలో లేవు. అవి ఉంటే తట్టుకునేదాన్ని. ఆయన తల దించుకున్నారు. "మా అమ్మ నాకిచ్చింది. నేను వీడికిచ్చాను. ఇవ్వడానికి ఇంకేమీ దొరకనట్టు" అన్నారు నా వైపు చూడకుండా. కోడలి ముందు తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా ఉన్నారు. ఆ గదిలో సిగ్గుపడాల్సిన పని చెయ్యనిది ఆయనొక్కరే.

తర్వాత ఫోన్ తీసి కూతురితో, "ఇవాళ రావద్దులేమ్మా. రేపు వీణ్ణి డాక్టరుకి చూపించాలి, నేను వెళ్ళాలి" అని చెప్పారు. అంతే. మేము చేసిందాని గురించి మాటే రాలేదు. "మామయ్యా, నన్ను క్షమించండి" అని నేనంటే, "ముందు ఆ పని కానివ్వండమ్మా, పొద్దుపోతోంది" అన్నారు.

మైకుని భుజం ఎత్తు నుంచి దించి, పన్నెండో మెట్టు దగ్గర మొదట పెట్టిన చోటే పెట్టాను. లావు తీగ కాస్త గుమ్ముమంటే అననీ అనుకున్నాను. మా ఆయన గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను హాల్లోకి వెళ్ళబోతుంటే మామయ్య తన గది గుమ్మం బయటే నిలబడి ఉన్నారు.

"నన్నెక్కడ కూర్చోమంటావమ్మా?" అని అడిగారు.

ఎత్తిపొడుపు కాదు. ఆయనకి అది రాదు. నిజంగానే అడిగారు. అది ఆయన గది, మూలనున్నది ఆయన కుర్చీ, కిటికీ గట్టు మీద ఆయన మందులు. మైకు వేలెడు ఎటు జరిపితే ఏమవుతుందో చెప్పగలిగే నేను చేత్తో కుర్చీ చూపించాను, అంతే. ఆయన వెళ్ళి ఒద్దికగా కూర్చున్నారు.

ఈసారి తలుపు వెయ్యలేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని బటన్ నొక్కాను. మా ఆయన మొదటి తీగ మీటాడు. బాగుంది. తేటగా ఉంది. ఏ స్స్ లేదు. రెండో వరుసలోకి వచ్చాక గుమ్మంలోంచి కుర్చీ వైపు చూశాను. మామయ్య పెదవులు బిగించి, తువ్వాలు ముక్కుకి అదిమిపట్టి, కళ్ళు కొడుకు మీదే పెట్టి కూర్చున్నారు. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఊపిరి తీసుకోండి మామయ్యా!" అని అరిచాను.

ఆ టేకు పాడైంది. మా ఆయన, మామయ్య రెండు మూడు సార్లు నిండుగా ఊపిరి పీల్చుకునేదాకా ఆగి, మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు.